మిగులు కోణం

చిట్టా 611. నేటి పాఠం: బిందువు

బిందువుకు చోటు ఉంటుంది, పొడవూ వెడల్పూ ఉండవు. పొద్దున్నే ఈ ముక్క పిల్లలందరి చేతా అనిపించి, ఆ తర్వాతే నాచు జావ తాగాను. ముందు పాఠం చెప్పాలి, తర్వాత కొలవాలి, ఆపైన చిట్టా రాయాలి. ఊరికి కొలతలు తీసే నాలాంటి కొలతమ్మ దినచర్య ఇలా ఉండాలని మా పెద్దల కట్టడి. జావ వేడిగా ఉండగా తాగాలని మాత్రం వాళ్ళెవరూ కట్టడి చెయ్యలేదు.

మా ఊరి పేరు పలక. గడ్డకట్టిన సముద్రం మీద, చదునైన చోటు చూసి కట్టుకున్న ఊరు. గాలి పారిపోకుండా పైన గుడ్డ కప్పు, ఆ కప్పుకు దీపాలు. మంచు కింద నీళ్ళున్నాయని పెద్దలు చెప్పిపోయారు. వాళ్ళు భూమి నుంచి వచ్చిన సర్వేవాళ్ళు. దేవుళ్ళ విషయంలో ఎవరి దారి వాళ్ళు చూసుకున్నా, త్రిభుజం విషయంలో ఒక్కమాట మీదుండేవారట. అందుకే మా ఊళ్ళో ఎవరైనా పోతే బిందువైపోయాడంటాం. ఒకరితో ఒకరికి మాటల్లేని కుటుంబాలు తమని తాము సమాంతరాలని చెప్పుకుంటాయి.

ఊరి మూడు మూలల్లో మూడు గుంజలున్నాయి. వాటి మధ్య వీధుల వెంట దారాలు బిగించి ఉంటాయి. నేను రోజూ మూడు గుంజల దగ్గరా కోణం కొలిచి, మూడూ కలుపుతాను. నూట ఎనభై డిగ్రీలు రావాలి. ఇవాళ కాస్త మిగిలింది. మిగిలితే పంచడం మా ఆచారం. మిగులును మూడు భాగాలు చేసి, ఒక్కో కోణంలోంచి ఒక్కో భాగం తీసేస్తే లెక్క సరిపోతుంది. తిలాపాపం తలా పిడికెడు. పెద్దల కాలంలో చలికి చేతులు వణికేవి, పరికరాలు పాతవి, కాబట్టి చిన్న చిన్న తేడాలు వస్తూనే ఉండేవి. కన్ను తప్పుతుంది, త్రిభుజం తప్పదు అన్న మాట అలా పుట్టింది.

పంచాక గంట కొట్టి 'నూట ఎనభై' అని అరిచాను. ఊరంతా ఒక్క గొంతుతో 'నూట ఎనభై' అంది. అప్పుడు పొయ్యిలు వెలిగాయి.

మా తమ్ముడు కోదండం ఊరిపెద్ద. వాడి కూతురు వకుళకు పెళ్ళి కుదిరింది. పురిట్లోనే తల్లి పోతే ఆ పిల్లను పెంచింది నేనే. నాకు పిల్లల్లేరు, దాన్ని తప్ప ఇంకెవర్నీ చూసుకునే ఓపికా లేదు. పెళ్ళికొడుకు సాంబు వడ్రంగి. మంచివాడే కానీ ప్రతి మాటకీ ముందు దగ్గుతాడు.

చిట్టా 612. నేటి పాఠం: లంబకోణం

లంబకోణం అంటే తొంభై డిగ్రీలు. ఇది చెప్పి ఇంటికొచ్చేసరికి మా తలుపు మూసుకోవడం మానేసింది. పైన ఒరుసుకుంటోంది, కింద వేలు దూరేంత సందు. నిన్నటిదాకా బాగానే ఉంది.

సాంబును పిలిచాను. వాడు మూలమట్టం పెట్టి చూసి, దగ్గి, "తలుపు మూలలు సరిగ్గానే ఉన్నాయండి కొలతమ్మగారూ. నేలే ఏదో తేడాగా ఉంది" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో. నీకు తలుపు బిగించడం రాక నేల ఓడంటున్నావా?" అన్నాను.

పాపం, వాడి మొహం ఎర్రబడింది. వకుళ వెనకనుంచి కిసుక్కున నవ్వింది. వాడు చేసిన పెళ్ళిమంచం కూడా కొత్తింట్లో పెడితే ఒక పక్కకి వాలుతోందట. నాలుగు కాళ్ళూ పదేపదే కొలిచి చూశాడట, వెంట్రుక తేడా లేదట. చివరికి రెండు కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి ఊరుకున్నాడు.

"పెళ్ళి కాకముందే మంచం కింద చెక్కలు పెట్టాడంటే, పెళ్ళయ్యాక ఇల్లంతా చెక్కలే పెడతాడు. ఆలోచించుకోవే అమ్మాయ్" అన్నాను.

"నువ్వుండత్తా!" అంది వకుళ.

ఇవాళ్టి కొలతలో మళ్ళీ మిగిలింది. నిన్నటికంటే ఎక్కువ. పంచాను.

చిట్టా 614. నేటి పాఠం: సమాంతర రేఖలు

సమాంతర రేఖలు ఎంత పొడిగించినా కలవవు.

సాంబూ, వాడి స్నేహితులూ పెళ్ళి దీపాలు వేలాడదీయడానికి పెద్దవీధి నుంచి ఊరి అంచు దాకా రెండు దారాలు లాగారు. రెండూ పెద్దవీధికి లంబంగా మొదలయ్యాయి. దగ్గరుండి మూలమట్టం పెట్టించింది నేనే. రెండూ బిగువుగా, తిన్నగా ఉన్నాయి. అయితే అంచు దగ్గరికి వెళ్ళి చూస్తే వాటి మధ్య ఎడం తగ్గింది. మొదట్లో ఉన్న ఎడానికీ అక్కడున్న ఎడానికీ రెండు మూరలు తేడా.

విప్పి మళ్ళీ లాగించాను. మళ్ళీ అంతే.

వీధిలో జనం చేరారు. ఏళ్ళ తరబడి సమాంతరాలుగా బతుకుతున్న రెండు ఇళ్ళవాళ్ళు ఎదురెదురుగా నిలబడి చూశారు. "ఈ లెక్కన మనం మాట్లాడుకోవాలేమో" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ నవ్వు లోపలికి పోలేదు. ఆ దారాల కింద మంచుమీద మోకరిల్లి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. చెవి మాత్రం చల్లబడాల్సినంత చల్లబడలేదు.

చిట్టా 615. నేటి పాఠం: రేఖాఖండం

రేఖాఖండానికి రెండు కొసలుంటాయి. ఇవాళ్టి పాఠం ఎలా చెప్పానో నాకే గుర్తులేదు.

నిన్న రాత్రి పడుకోబోతుంటే తట్టిన సంగతి ఇది. కన్ను తప్పితే ఒకసారి ఎక్కువ చూడాలి, ఒకసారి తక్కువ చూడాలి. నాకు ఈమధ్య తక్కువ రావడం లేదు. ఎప్పుడూ మిగులే, రోజురోజుకీ పెరిగే మిగులు. వణికే చెయ్యి అటూ ఇటూ వణుకుతుంది గానీ ఒకే వైపుకు వణకదు.

పొద్దున్నే కోదండం దగ్గరికి వెళ్ళాను. వాడు పెళ్ళికి జావలో వేసే బెల్లం తూయిస్తున్నాడు.

"ఒరే, కొలతలు తేడాగా వస్తున్నాయిరా. ఈ పూట పంచకుండా చెప్తాను."

"ఎంత మిగిలిందక్కా?"

చెప్పాను. వాడు తూకం ఆపి నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"కన్ను తప్పుతుంది..." అని మొదలుపెట్టాడు.

"కన్ను ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుందట్రా? నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. నీ నెత్తిమీద పేను పాకితే ఇక్కణ్ణుంచి చెప్పగలను."

వాడు నవ్వలేదు. "నూట ఎనభై కాదంటే ఏమవుద్దో తెలుసా నీకు? పొయ్యి వెలగదు, పని మొదలవదు. నేల మీద నమ్మకం పోతే జనం ఎక్కడికి పోతారు? అంచు కొట్టాల్లో పడుకుంటారా? ఆ చలిలో పసిపిల్లలు ఒక్క వారం తట్టుకుంటారా? పెళ్ళి అవనియ్. ఆ తర్వాత నువ్వూ నేనూ కూర్చుని చూద్దాం."

వాడన్నదీ అబద్ధం కాదు. అంచు కొట్టాలు మొదట్లో పెద్దలు దిగినప్పటివి. గట్టి గోడలు, గట్టి తలుపులు, మంచుమీద లాగే బళ్ళు ఉన్నాయి గానీ వెచ్చదనం లేదు. నేను వచ్చేశాను. మిగులు పంచాను, గంట కొట్టాను, అరిచాను. ఊరు జవాబిచ్చింది. ఆ జవాబు ఇవాళ నాకు నచ్చలేదు.

చిట్టా 617. నేటి పాఠం: తలం

తలం అన్ని వైపులా చదునుగా పరుచుకుని ఉంటుంది.

ఇవాళ కుంకుమ భరిణె పట్టుకుని పెళ్ళిపిలుపులకు బయల్దేరాను. ముందు మంగతాయారమ్మ ఇల్లు. ఊరి తూర్పు పక్కన ఉంటుంది. ఆవిడ బొట్టు పెట్టించుకుని, మంచం మీద కూర్చోమంది. కూర్చోబోతూ కింద చూశాను. మంచం రెండు కాళ్ళ కింద చెక్కముక్కలు.

"మీకూ వచ్చిందా ఈ రోగం?" అన్నాను.

"ఏం చెప్పమంటావమ్మా, మా ఆయన చేసిన మంచం. మనిషే ఓ పక్కకి వాలి నడిచేవాడు, మంచం కూడా అంతే" అంది ఆవిడ.

పక్కింట్లోనూ చెక్కలే. ఆ ఇల్లాలు బల్లను తిడుతోంది. దక్షిణం వీధిలో ఒకాయన తొట్టెను తిడుతున్నాడు, నీళ్ళు ఒక పక్కకే నిలుస్తున్నాయట. ఎవరింటి సామానును వాళ్ళు తిట్టుకుంటున్నారు. పక్కింటివాడికి చెప్పుకోవడం నామోషీ. మా ఊళ్ళో వాలిన మంచం ఉందని చెప్పుకోవడం, దొంగతనం చేశానని చెప్పుకోవడంతో సమానం.

బొట్లు పెడుతూ ఊరంతా తిరిగాను. తూర్పు ఇళ్ళలో చెక్కలు తూర్పు కాళ్ళ కింద ఉన్నాయి. దక్షిణం ఇళ్ళలో దక్షిణం కాళ్ళ కింద. పడమట పడమటి కాళ్ళకి. ఎక్కడ చూసినా అంచు వైపు కాళ్ళ కిందే చెక్క. అంటే నేల అన్ని వైపులా అంచుకేసి వాలింది. ఊరి నడిబొడ్డు పైకి లేస్తోంది, పొంగే రొట్టెలాగా. రొట్టె మీద గీసిన త్రిభుజానికి నూట ఎనభై సరిపోదు, మిగులుతుంది.

కన్నూ తప్పలేదు, త్రిభుజమూ తప్పలేదు. కింద ఏదో ఉండి నేలను తోస్తోంది. ఎల్లుండి ఊరు ఊరంతా ఆ నడిబొడ్డు మీదే చేరబోతోంది, నా వకుళను మధ్యలో కూర్చోబెట్టుకుని.

కోదండానికి చెప్పాను. "మంచాల్ని బట్టి ఊరు ఖాళీ చేయించమంటావా అక్కా?" అన్నాడు వాడు. పెళ్ళిమంటపం అంచుకు మార్చమన్నాను. ఊరికి సరిగ్గా మధ్యనున్న నడిచుక్కన కాని పెళ్ళి పెళ్ళి కాదన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది వచ్చాను.

చిట్టా 619. నేటి పాఠం: కిరణం

కిరణానికి మొదలుంటుంది, చివర ఉండదు. ఈ పాఠం ఇవాళ ఎవరికీ చెప్పలేదు. అంచు కొట్టంలో గోడకు ఆనుకుని ఈ చిట్టా రాస్తున్నాను.

మా పెళ్ళి ఇలా జరుగుతుంది. పెళ్ళికూతురి గుమ్మం నుంచి ఒక దారం, పెళ్ళికొడుకు గుమ్మం నుంచి ఒక దారం ఊరి నడిచుక్కన మంటపంలోని గుంజకు కడతారు. మూడో దారం రెండు గుమ్మాల మధ్య. నాచు నారతో పేనిన దారాలు, మనిషి బరువును ఆపుతాయి. ఇద్దరూ దారాలు పట్టుకుని 'రెండు బిందువుల మీదుగా ఒకే ఒక్క గీత' అంటారు. కొలతమ్మ ఆ త్రిభుజం మూడు కోణాలూ కలిపి నూట ఎనభై అంటుంది. ఊరు తిరిగి అంటుంది. దాంతో పెళ్ళయినట్టు.

వకుళ ఎర్రచీర కట్టుకుని, పారాణి పాదాలతో మంటపం ఎక్కింది. ఎంత అందంగా ఉందో. సాంబు దగ్గి, మాట చెప్పాడు. వకుళ చెప్పింది. నేను చివరి కోణం కొలిచి, కలిపాను. ఊరంతా జవాబు నోట్లో పెట్టుకుని నా మొహంకేసి చూస్తోంది.

"నూట ఎనభై ఒకటి" అన్నాను.

వెనకనుంచి ఎవరో "పంచు" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి ఊరంతా చప్పట్లు కొడుతూ "పంచు! పంచు!" అంటోంది. కోపంగా కాదు, పెళ్ళి సరదాగా. పిల్లలు కూడా అంటున్నారు, నేను పాఠాలు చెప్పిన పిల్లలు.

"పంచను!" అని అరిచాను. "మీ ఇళ్ళలో మంచాల కింద చెక్కలు పెట్టుకున్నారు గదా, ఏ వైపు కాళ్ళకి పెట్టారో చెప్పండి. సిగ్గుపడకండి, అందరిళ్ళూ చూసొచ్చాను."

మంగతాయారమ్మ లేచింది. "మాది అంచు వైపు" అంది. పడమటి వీధి ఆయన "మాదీ అంచు వైపే" అన్నాడు. దక్షిణం నుంచి మరొకరు. చూస్తుండగానే గుంపులో మొహాలు మారాయి. జనం ఒకరినొకరు చూసుకుని, తర్వాత కాళ్ళకింద చూసుకున్నారు.

కోదండం నా పక్కకొచ్చి నిలబడ్డాడు. వాడి కళ్ళలో నీళ్ళు. "పెళ్ళిదాకా ఆగమన్నది నేనే" అన్నాడు నాకొక్కదానికే వినపడేట్టు. తర్వాత ఊరిపెద్ద గొంతుతో, "అందరూ అంచు కొట్టాలకి నడవండి! పిల్లలు ముందు!" అన్నాడు.

కొందరు కదిలారు. కొందరు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అప్పుడు కింద నుంచి దుప్పటి చింపుతున్నట్టు ఒక చప్పుడు మొదలై, ఆగకుండా సాగింది. గుంజ పక్కకు ఒరిగింది. పగుల్లోంచి వేడి ఆవిరి లేచి తెల్లటి పొగమంచు కమ్మేసింది. ఒక వైపు దీపాలు ఆరిపోయాయి. నా చెయ్యి నాకే కనపడలేదు.

"దారం పట్టుకోండి! పెళ్ళికూతురి దారం!" అని అరిచాను. మా ఇల్లు అంచునే, కొట్టం పక్కనే. ఆ దారం పట్టుకుని నడిస్తే గుడ్డివాడైనా చేరతాడు. అయితే గుంజ ఒరిగి దారం వదులైపోయింది. కోదండం దాన్ని గుంజ నుంచి విప్పి, తన నడుముకు చుట్టుకుని, వెనక్కి వాలి బిగించాడు.

"నువ్వు ముందుండి నడిపించక్కా. అందరూ చేరాక మూడుసార్లు లాగు. వదిలేసి పరిగెత్తుకొస్తా."

"నాన్నా, నువ్వూ రా" అంది వకుళ.

"నీ అప్పగింతలకి వస్తాలేవే, నడు" అన్నాడు వాడు.

నడిచాం. నా వెనక వకుళ, దాని వెనక సాంబు ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని, ఆ వెనక ఊరు. పూసలు దారాన్ని పట్టుకుని వచ్చినట్టు ఒక్కొక్కరే పొగలోంచి బయటపడ్డారు. రానివాళ్ళూ ఉన్నారు. చాలాసేపు దూరం నుంచి 'నూట ఎనభై, నూట ఎనభై' అని వినపడింది. తర్వాత అదీ వినపడలేదు.

ఇంకెవరూ రావడం లేదని తేలాక మూడుసార్లు లాగాను. దారం వదులవ్వలేదు. ఇంకా బిగిసింది.

"నాన్న లాగుతున్నాడత్తా! విన్నాడు!" అంది వకుళ, నవ్వుతూ.

మనిషి లాగితే దారం ఆగి ఆగి కదులుతుంది. ఇది ఆగకుండా బిగుస్తోంది. నేల పొంగుతుంటే దూరం పెరుగుతోంది, అంతే. దారం నా అరచెయ్యి కోసుకుంటూ బిగిసింది. ఆ తర్వాత ఒక్కసారిగా వదులైపోయింది. నేల కింద నుంచి పెద్ద శబ్దం వచ్చింది. సాంబు దగ్గకుండా, ఎవరినీ అడక్కుండా, కొట్టం తలుపు వేశాడు.

తలుపు సందులోంచి దారం లోపలికి లాగాను. తెగిన కొస వచ్చింది. మా తమ్ముడు రాలేదు. చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని నడిచినవాడు. వాడు బిందువైపోయాడని రాయాలి, ఆచారం ప్రకారం. రాయను. వాడికి పొడవూ ఉంది, వెడల్పూ ఉంది, బెల్లం తూచే చెయ్యి ఉంది. వాడు చచ్చిపోయాడు.

చిట్టా 620. నేటి పాఠం: త్రిభుజం

పొద్దున పిల్లలు లేచి అలవాటు కొద్దీ వరసలో నిలబడ్డారు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. నాకు వేరే ఏం చెయ్యాలో తెలియక, "త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే ఎంత?" అని అడిగాను.

ఎవరూ పలకలేదు. జవాబు అందరికీ తెలుసు. ఏ ఒక్కరూ అనలేదు.

గోడ దగ్గర కూర్చున్న వకుళ లేచింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు, పాదాలకు ఇంకా పారాణి.

"కొలిచి చెప్తానత్తా" అంది.

పెళ్ళిదారంలో మిగిలిన ముక్క తీసుకుంది. దానికి కొట్టంలో ఉన్న పాత దారాలన్నీ కలిపి ముడేశాడు సాంబు. ఇద్దరూ గాలిసంచులున్న చలితొడుగులు వేసుకుని బయటికి వెళ్ళి, కొట్టాల వెనక మంచుమీద మూడు మేకులు కొట్టి దారాలు బిగించారు. కిటికీ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. వకుళ మూడు కోణాలూ కొలిచింది. మళ్ళీ మొదటినుంచి కొలిచింది. నేను నేర్పినట్టే, తొందరపడకుండా.

లోపలికొచ్చి తొడుగు తీసింది. అందరూ దాని మొహంకేసి చూశారు.

"నూట ఎనభై. పైన కొంచెం ఉంది" అంది.

పంచమని ఎవరూ అనలేదు. మంగతాయారమ్మ లేచి దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. సాంబు మంచుమీద లాగే బళ్ళు సిద్ధం చెయ్యడానికి వెళ్ళాడు.